ముక్కు మనవైపు తిరిగినప్పుడు

విన్నదేదో, ముందే తెలిసినదేదో మనిషి ఎట్లా విడదీసి చెప్పగలడు?

ఆనందరావు ఈ ప్రశ్న వేసుకున్నది 1979 ఫిబ్రవరిలో ఒక గురువారం ఉదయం, నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు పోయే జీపులో. వెనక సీట్లో కృపమ్మ కూనిరాగం తీస్తోంది. ఆ రాగం అతనికి కొత్త కాదు. ఒక ఆదివారం ప్రార్థనలో విన్నదే. అందులోని మాటలు చెవిన పడ్డాక చేతిలోని ఫైలు మూసేశాడు.

అంతదాకా అతని మనసు నిశ్చింతగానే ఉంది. మూడు వారాల పని చివరికొచ్చింది. ఆరోజు జరగబోయేది పన్నెండో విమాన పరీక్ష. అదే ఆఖరిది.

అతను బెంగళూరులో, విమానాల రేడియో సామగ్రిని పరీక్షించే ప్రయోగశాలలో ఇంజనీరు. నలభై రెండేళ్ళవాడు, మితభాషి. సముద్రం మీద వందల మైళ్ళు తిరిగే విమానం నేలతో మాట్లాడాలంటే అప్పటిదాకా ఒకటే ఆధారం: వీపు మీది చిన్న స్తంభం నుంచి తోక కొస దాకా లాగి కట్టిన తీగ. అదే దాని ఏరియల్. తీగ మాటను చక్కగా మోసేది. కానీ గాలివానలో తెగేది. తెగిన తరువాత లోపలి మనుషులు బతికి ఉన్నా నేలమీదివాళ్ళకు లేనట్టే. ఆనందరావు నాలుగేళ్ళు కష్టపడి తీగ అక్కరలేని ఏరియల్ ఒకటి తయారుచేశాడు. తోక మొదట్లో రేకును సన్నగా, పొడుగ్గా కోసి, ఆ గాటు అంచులకు రేడియో శక్తిని అందించి, విమానం ఒళ్ళే ఏరియల్‌గా పలికేటట్టు చేశాడు. బయటికి కనిపించేదేమీ లేదు. తెగేదేమీ లేదు.

దాని మంచిచెడ్డలు తేల్చడానికి పెట్టుకున్న పద్ధతి ఇది. ఒక పాత డకోటా విమానం భువనేశ్వర్‌లో లేచి, ఒడిశా తీరం మీద ఒకేచోట నిదానంగా చుట్టు తిరుగుతుంది. ముప్పై డిగ్రీలకొకసారి దిశ మార్చి కొద్దిసేపు తిన్నగా పోతుంది. ఆ కొద్దిసేపట్లో అందులోని రేడియో ఆపరేటరు యేసురత్నం ఒక పట్టీ చూసి ఇరవై ఐదు తెలుగు మాటలు చదువుతాడు. తొమ్మిది వందల కిలోమీటర్ల ఇవతల, ఆళ్ళగడ్డలో, ముగ్గురు మనుషులు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వినిపించిన మాటను వినిపించినట్టు కాగితం మీద రాస్తారు. విమానం ముక్కు ఎటు ఉన్నప్పుడు మాట నిలుస్తోంది, ఎటు ఉన్నప్పుడు పడిపోతోంది అన్నది ఆ కాగితాలను బట్టి తేలాలి.

మొదట రిసీవరు నంద్యాలలోనే పెట్టారు. బియ్యం మిల్లుల మోటార్లు తిరగడం మొదలైతే హెడ్‌ఫోన్లలో చిటపటలు తప్ప మరేమీ లేదు. ఈడ విమానం మాట కాదు సార్, వడ్లు ఆడే మాట వినపడ్తాది అన్నాడు టెక్నీషియన్ గురుస్వామి. అతనిది పక్కనే గడివేముల. ప్రయోగశాలలో ఈ ప్రాంతం పేరు ఎత్తినవాడూ అతనే. తమ గడివేముల శనగలు తింటే చెవులు పదునెక్కుతాయని బెంగళూరులో అందరికీ చెప్పి పెట్టాడు. ఆళ్ళగడ్డకు ఎడంగా, నల్లరేగడి చేల మధ్య వాడకంలో లేని బడిగది ఒకటి చూసింది అతనే. జీపు నడిపేదీ అతనే.

వినేవాళ్ళను మాత్రం ఆనందరావు స్వయంగా ఎంచుకున్నాడు. నంద్యాలలో ఒక ఆదివారం గురుస్వామి అతన్ని ప్రార్థనకు తీసుకుపోయాడు. అక్కడ పాట నడిపించేది సంజీవయ్య, మిషన్ బడి ఉపాధ్యాయుడు, యాభై ఐదేళ్ళ మనిషి. కూర్చున్నవాళ్ళలో చాలామంది కూలి చేసుకునేవాళ్ళు. పాటల పుస్తకం పట్టుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది. సంజీవయ్య ఒక చరణం మాటగా చెప్పేవాడు. జనం దాన్ని రాగంగా అందుకునేవాళ్ళు. ఏ కొత్త పాటైనా అంతే, మూడు ఆదివారాలకు అందరికీ వచ్చేసేదట. గది చివర నిలబడి విన్న ఆనందరావుకు వాళ్ళ చెవులు నచ్చాయి. సన్నని శబ్దాలు వినిపించి పదిమందిని పరీక్షించాడు. ముగ్గురు మిగిలారు: సంజీవయ్య, మిషన్ ఆసుపత్రిలో నర్సుగా రిటైరైన జీవమ్మ, టీచర్ ట్రైనింగ్ ముగించి ఉద్యోగం కోసం చూస్తున్న కృపమ్మ. బడి పెద్దలు సంజీవయ్యకు నెల సెలవిచ్చారు.

మాటల పట్టీలు ఆనందరావు బెంగళూరులోనే తయారుచేశాడు. ఆరు పట్టీలు. అచ్చు వేయించిన అట్టల మీద ఒకే వరుసలో ఉన్న మాటలు. యేసురత్నం అవే అట్టలను మార్చి మార్చి చదివేవాడు. ఆరు చాలునా అన్న సందేహం అప్పట్లో అతనికి రాకపోలేదు. తన మీదే పరీక్ష చేసుకున్నాడు. ఒక పట్టీని నాలుగుసార్లు చదివించుకుని విన్నాక, వరుసలో ఐదు మాటలు కూడా గుర్తులేవు. ఆరు ధారాళంగా సరిపోతాయనుకున్నాడు.

విమానం పదకొండుసార్లు వచ్చి తిరిగింది. ఫలితాలు అతను ఆశించినదానికంటే మించాయి. విమానం ముక్కు ఆళ్ళగడ్డవైపు తిరిగినప్పుడు రిసీవరు మీటరు ముల్లు దాదాపు అడుగుకు వాలిపోయేది. తీగతో అట్లా వాలేది కాదు. కానీ మొదటి రోజుల తడబాటు తీరాక ముగ్గురి కాగితాల మీదా ఇరవై ఐదుకు ఇరవై మూడు మాటలు సరిగ్గానే ఉండేవి. ఆనందరావు చాలాసేపు ఆలోచించి నివేదికలో ఒక వాక్యం రాశాడు: వినేది ముల్లు కాదు, మనిషి, బలహీనమైన ధ్వని నుంచి కూడా మనసు అర్థాన్ని రాబట్టుకుంటుంది. ఆ వాక్యం అతనికి ఇష్టమైంది. ప్రయోగశాల డైరెక్టరుకూ నచ్చింది. పన్నెండో పరీక్ష లాంఛనమేననీ, శుక్రవారం ఉదయం పదింటికి సిఫారసు మీద సంతకం పెడతాననీ ట్రంకు కాల్‌లో చెప్పాడు. సంతకం అయితే సముద్రం మీద తిరిగే విమానాల వీపుల మీది తీగలు విప్పేస్తారు. ఆ చోట ఆనందరావు ఏరియల్ వస్తుంది.

ఇది గురువారం. వెనక సీట్లో కృపమ్మ పాడుకుంటున్న మాటలు ఇవి: గంప, నిప్పు, చీమ, వాకిలి, దారం, మబ్బు, కొడవలి.

మూడో పట్టీ. అదే వరుస.

ఆ పాటేమిటని అతను వెనక్కి తిరిగి అడిగాడు. కృపమ్మ సిగ్గుపడి కిటికీవైపు చూసింది. జవాబు జీవమ్మ చెప్పింది.

"మూడో పట్టీ సార్. దానికి ఆ రాగం బాగ కుదిరింది. రెండోదే, యా రాగానికీ లొంగడంల్యా."

"అంటే, మీకు పట్టీలు వచ్చా?"

"ఆరూ వచ్చు సార్," అన్నాడు సంజీవయ్య. ఆ గొంతులో తరగతిలో మంచి పిల్లవాణ్ణి చూపించేటప్పటి తృప్తి ఉంది. "ఈ పాపకు మొదటి వారానికే వచ్చేసినాయి. నాకూ జీవమ్మకూ ఇంగో నాలుగు దినాలు పట్టింది. వయసు గదా."

"ఎందుకు నేర్చుకున్నారు?"

సంజీవయ్యకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "పరీక్ష పెడ్తాండారు గదా సార్ మీరు. పాఠం రాకుండా పరీక్షకు పోతే ఎట్ల?"

గురుస్వామి చప్పున బ్రేకు మీద కాలు వేసి, మళ్ళీ తీసేశాడు. జీపు ఒక్కసారి తూగింది. అతనికి అర్థమైంది.

ఆనందరావు ఈసారి కృపమ్మనే అడిగాడు. విమానం ముక్కు మనవైపు తిరిగినప్పుడు మాట వినిపిస్తోందా?

ఆ అమ్మాయి కళ్ళు చిన్నవి చేసి, చెవిలో జరిగేదాన్ని గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆలోచించింది.

"గాలి మోత ఉంటాది సార్. మాట వచ్చేలోపలే నాకు తెలుస్తాది. తెలిసినాక వినపడినట్టే ఉంటాది."

"వినపడినట్టు ఉంటుందా, వినపడుతుందా?"

"ఆ రెంటికీ తేడా నాకు తెలీడంల్యా సార్."

ఆనందరావు ముందుకు తిరిగి కూర్చున్నాడు. శిరివెళ్ళ దాటారు. రోడ్డుకు రెండువైపులా శనగ పీకుతున్నారు. ఎడమచేతివైపు నల్లమల కొండలు పొద్దున ఎండలో బూడిదరంగుగా ఉన్నాయి. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. ముగ్గురిలో ఎవరూ చెప్పలేదు. రాయవలసింది వినిపించినదే అని మొదటిరోజు అతను చెప్పాడు, వాళ్ళు వినిపించినదే రాశారు. వినిపించిన మాట విమానంలోంచి వచ్చిందా, వాళ్ళ లోపలినుంచే వచ్చిందా అన్నది అతను కట్టిన పరీక్షకు తెలియదు. కాగితం లేకపోతే ఐదు మాటలు గుర్తుండని మనిషి, కాగితం అక్కరలేని మనుషుల జ్ఞాపకాన్ని తన జ్ఞాపకంతో కొలిచాడు.

ఆళ్ళగడ్డ చేరేలోపల అతని మనసు ఒక దారి వెతికిపెట్టింది. నిజంగా ఎగిరే విమానం కూడా కొత్త మాటలు మాట్లాడదు కదా? ఎత్తు, వేగం, దిశ, చేరే వేళ. నేలమీద వినేవాడికి ఆ వరుస ముందే తెలుసు. సగం వినిపిస్తే మిగతా సగం పూరించుకుంటాడు. అలాంటప్పుడు ఈ ముగ్గురూ చేసినది ప్రతిరోజూ ప్రతి విమానాశ్రయంలో జరిగేదే. ఈ వాదంలో దోషం లేదు. నివేదికలో ఒక పేరా కలిపితే సరిపోతుంది. అతను ఆ పేరా మొదటి వాక్యం మనసులో కట్టాడు కూడా.

రెండో వాక్యం రాలేదు. ఇంజను చెడినవాడు వరుస తప్పి మాట్లాడతాడు. చెప్పేది ముందెన్నడూ చెప్పనిదై ఉంటుంది. అట్లాంటివాడు ముందు ఇంటిదారి పడతాడు. ఇంటిదారి పట్టిన విమానం ముక్కు ఎటు ఉంటుంది? వినేవాడివైపే.

బడిగదిలో గురుస్వామి రిసీవరు వేశాడు. విమానం తన చోటికి చేరడానికి ఇంకా గంట ఉంది. ముగ్గురూ రోజూలాగే బల్లల మీద కాగితాలు సర్ది, పెన్సిళ్ళు చెక్కుకుంటున్నారు. ఆనందరావు వాకిట్లో నిలబడ్డాడు. కాకినాడలో ఇంజనీరింగు చదివే రోజుల్లో ఒక ముసలి పండితుడి దగ్గర అతను సాయంత్రాలు తర్కం చెప్పించుకున్నాడు. జ్ఞాపకం ప్రమాణం కాదు అని ఆయన మొదటి నెలలోనే చెప్పాడు. ఎందుకు కాదని కుర్ర ఆనందరావు వాదించాడు. జ్ఞాపకం నిజమే అయినప్పుడు దానికేం తక్కువ? అది కొత్తగా తెచ్చేదేమీ లేదు నాయనా, ఎదుటివాడు నోరు మూసుకున్నా పలికేది సాక్ష్యమెట్లా అవుతుంది అన్నాడాయన. అప్పుడది మాటల పట్టింపుగా తోచింది.

ఇంకొక సంగతి కూడా అప్పుడే తట్టింది. మూడు వారాల్లో అతను ఒక్కసారి కూడా తన చెవితో వినలేదు. చేసినవాడి చెవి పక్షపాతి అని, నియమంగా, హెడ్‌ఫోన్లు ముట్టుకోలేదు. ఆ నియమం గురించి లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది. ఇప్పుడు చూస్తే అందులో ఎంత నిష్ఠ ఉందో, ఎంత భయం ఉందో తేల్చడం కష్టంగా ఉంది.

లోపలికి వచ్చి ముగ్గురికీ విషయం చెప్పాడు. చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. మాట ఎంత దూరం వస్తోందో తెలుసుకోవడానికి మాట ముందే తెలియకూడదనీ, ఆ సంగతి మొదట్లో చెప్పవలసినవాడు తానేననీ అన్నాడు. జీవమ్మ తల వంచుకుంది. కృపమ్మ పెన్సిలు కింద పెట్టింది. సంజీవయ్య ముఖం మాత్రం గట్టిపడింది.

"మేం కాపీ కొట్టినామంటారా సార్?"

"అనను."

"ముప్పై ఏండ్లుగా పాఠం చెప్తాండా. నేర్చుకొని రాసినోణ్ణి ఎన్నడూ తప్పు పట్టలా నేను."

"నేనూ పట్టను, సంజీవయ్యగారూ. ఈ పరీక్ష మీకు కాదు. నా ఏరియల్‌కు. పరీక్షకు ముందే జవాబులు దాని చేతికి ఇచ్చినవాణ్ణి నేను."

సంజీవయ్య తన బల్ల మీది హెడ్‌ఫోన్లు తీసి రుమాలుతో తుడుచుకున్నాడు. పని మానుకోడన్నమాట.

పదకొండు గంటలు దాటాక యేసురత్నం గొంతు వచ్చింది. గుంటూరు మనిషి, హుషారైనవాడు. విమానంలో రెండు ఏరియల్‌లూ ఉన్నాయి. పరీక్షకు కొత్తది, మామూలు మాటలకు పాత తీగ. తీగ మీద మాట్లాడుతూ, మొదటి పట్టీ చదవడానికి సిద్ధమేనని చెప్పాడు. ఆనందరావు మైకు అందుకుని, అట్టలన్నీ పక్కన పెట్టేయమన్నాడు. అట్టల మీద లేని మాటలు, వరుస లేనివి, తోచినవి తోచినట్టు చదవాలి. చదివినవి కాగితం మీద రాసి ఉంచుకోవాలి. మొదటి దిశ, ముక్కు ఆళ్ళగడ్డవైపు. ఒకసారి తీగ మీద ఇరవై ఐదు, వెంటనే కొత్తదాని మీద వేరే ఇరవై ఐదు.

గరగరల మధ్య యేసురత్నం గొంతు మళ్ళీ వచ్చింది.

"తోచినవంటే ఏం చదవను సార్? ఇక్కడ సముద్రం తప్ప ఏం కనబడట్లేదు."

"సముద్రం వద్దు. అది వీళ్ళు ఊహించేస్తారు. నువ్వు పొద్దున్నించీ అనుకోని మాటలు చదువు."

"మా ఆవిడకు రాసే ఉత్తరంలో మాటలు చదువుతా సార్, అందులో ఒక్కటీ ముందు అనుకుని రాసేది కాదు," అన్నాడు యేసురత్నం. గదిలో గురుస్వామి ఒక్కడే నవ్వాడు.

ఆనందరావు నాలుగో హెడ్‌ఫోన్లు తెప్పించుకుని పెట్టుకున్నాడు.

తీగ మీద మాటలు సన్నగా వచ్చాయి, ఊగుతూ వచ్చాయి. కానీ వచ్చాయి. కుంచం. అరటి. తాళంచెవి. ఒకటి రెండు మునిగిపోయాయి, మళ్ళీ తేలాయి. ముగ్గురి పెన్సిళ్ళూ కదులుతున్నాయి. తరువాత యేసురత్నం, కొత్తదానికి మారుతున్నానని చెప్పాడు. ఒక టిక్కు వినిపించింది. ఆ తరువాత వాన పడుతున్నట్టు మోత. ఆ మోత అడుగున ఎక్కడో ఒక మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తోంది. ఎక్కడ ఒక మాట ముగిసి ఇంకొకటి మొదలవుతోందో తెలుస్తోంది. మాట మాత్రం తెలియడం లేదు. ఆనందరావు కళ్ళు మూసుకున్నాడు. తన ఏరియల్ మీద ఎంత ప్రేమ ఉంటే అంత ప్రేమతో విన్నాడు. ఏమీ లేదు.

కళ్ళు తెరిచి చూశాడు. జీవమ్మ పెన్సిలు గాలిలో ఆగి ఉంది. కృపమ్మ ఏదో రాసి కొట్టేసి, మళ్ళీ రాసి కొట్టేసింది. సంజీవయ్య పెన్సిలు బల్ల మీద పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తిన్నగా ఎదుటి గోడను చూస్తూ చివరిదాకా విన్నాడు.

మిగతా దిశలు మామూలుగా నడిచాయి. ముక్కు పక్కకు తిరిగేకొద్దీ కొత్త ఏరియల్ మాట పైకి లేచింది. అడ్డంగా ఉన్నప్పుడు తీగను మించింది. తోక మనవైపు ఉన్నప్పుడు మళ్ళీ పలచబడింది. మధ్యాహ్నం ఒంటిగంటకు యేసురత్నం తాను చదివిన మాటలన్నీ తీగ మీద నిదానంగా తిరిగి చెప్పాడు. గురుస్వామి వాటిని రాసుకుని కాగితాలు దిద్దాడు. ముక్కు మనవైపు, తీగ మీద: సంజీవయ్యకు పంతొమ్మిది, జీవమ్మకు పద్ధెనిమిది, కృపమ్మకు ఇరవై ఒకటి. ముక్కు మనవైపు, కొత్తదాని మీద: కృపమ్మకు రెండు. తక్కిన ఇద్దరికీ ఒక్కటీ లేదు.

గురుస్వామి ఆ కాగితాలు పట్టుకుని ఆనందరావును వాకిట్లోకి పిలిచాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. నాలుగేళ్ళలో ఆ గాటును తన చేత్తో పదిసార్లు కోసి, పదిసార్లు అతికినవాడు అతను.

"పదకొండు మార్లు బాగుండాదని రాసినాం సార్. ఈ ఒక్క దినం పైన గాలి బాగలేదని రాస్తే అయిపోతాది. షార్ట్‌వేవ్ ఒక దినం ఉన్నట్టు ఇంగోదినం ఉండదని అందరికీ తెల్సు."

"అదే నిమిషంలో, అదే గాలిలో తీగ మాట వచ్చింది కదా గురుస్వామీ."

గురుస్వామి కాగితాలవైపు చూశాడు. "వచ్చింది," అన్నాడు.

"ముందు గాటు చోటు మార్చి చూద్దాం. రెండేళ్ళు పడుతుందేమో."

"పడ్తాది. పడనీ సార్. ఈసారి రేకు కొంచెం మందంది తెప్పీండి, నా చేతులు తెగినాయి."

లోపల ముగ్గురూ లేచి నిలబడి ఉన్నారు. గురుస్వామి ఎవరి కాగితాలు వాళ్ళకు తిరిగి ఇచ్చాడు. ప్రతిరోజూ కాగితం కింద సంతకం పెట్టి ఇవ్వడం నియమం. ఈరోజు ఎవరూ పెట్టలేదు. సంజీవయ్య, కొత్తదాని కోసం పెట్టుకున్న తన మొదటి కాగితాన్ని ముందుకు జరిపాడు. అది తెల్లగా ఉంది. పైన తేదీ, దిశ, అంతే.

"ఖాళీ కాగితం మీద సంతకం పెట్టల్లా సార్?"

"పెట్టాలి. మూడు వారాల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చిన కాగితం అది."

సంజీవయ్య ఆ మాటను నమ్మాలా వద్దా అన్నట్టు అతని ముఖంలోకి చూశాడు. తరువాత కూర్చుని, బడి రిజిస్టరులో పెట్టినట్టు పూర్తి పేరు, ఊరు, తేదీతో సంతకం పెట్టాడు. పెట్టి, దాని కింద ఒక వరుస తనంతట తానే రాశాడు: మాట వినపడలేదు. కృపమ్మ అది చూసి, తనకు దొరికిన రెండు మాటల కింద, తక్కినవి వినపడలేదని రాసింది. జీవమ్మ సంజీవయ్య రాసినట్టే రాసింది.

ఆనందరావు ఆ మూడు కాగితాలనూ ఫైల్లో పెట్టాడు. పదకొండు పరీక్షల కాగితాలూ ఆ ఫైల్లోనే ఉన్నాయి. దొంతర లావుగా ఉంది. రాత్రి బస్సుకు బెంగళూరు పోయి, డైరెక్టరు ఎదుట కూర్చుని, నిదానంగా, మెల్లగా విషయం చెప్పవచ్చు. ఆ ఆలోచన హాయిగా ఉంది. కానీ బస్సు ఆలస్యమైతే సంతకం ముందు పడుతుంది. అంతకన్నా, ఒక రాత్రి ప్రయాణంలో తన మనసు ఇంకెన్ని వాక్యాలు కట్టగలదో అతనికి ఈ ఉదయమే తెలిసింది. మనసుకు ఆ వ్యవధి ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాడు.

జీపును ఊళ్ళోకి, పోస్టాఫీసుకు పోనివ్వమన్నాడు. బేగా పోవల్లంటే చేల అడ్డదారిన పోదాం సార్ అని గురుస్వామి శనగ చేల గట్టు మీదుగా తోలాడు. ముగ్గురూ వెనక సీట్లోనే ఉన్నారు.

టెలిగ్రాం కిటికీ దగ్గర జనం ఎవరూ లేరు. ఆనందరావు ఫారం తీసుకుని డైరెక్టరు పేర నిలబడే రాశాడు. పదకొండు పరీక్షల ఫలితాలు చెల్లవు. లోపం పట్టీలది, పట్టీలు నావి. విన్నవారి తప్పు లేదు. విమానం ముక్కు ఎదురుగా ఉన్నప్పుడు కొత్త ఏరియల్ మీద మాట అందడం లేదు. సిఫారసు మీద సంతకం చేయవద్దు. తీగలు విప్పించవద్దు. కింద తన పేరు రాసి, ఎక్స్‌ప్రెస్ అని రాసి గీత గీశాడు.

కళ్ళద్దాల గుమాస్తా ఫారం పైనుంచి కిందికి చూశాడు. విషయం అర్థం కాకపోయినా బరువు తెలిసినట్టుంది.

"పోయినాంక వాపసు రాదు సామీ. ఇంగో మారు సదువుకుంటారా?"

"చదివాను. పంపండి."

గుమాస్తా కుర్చీ ముందుకు జరుపుకుని, ఫారాన్ని యంత్రం పక్కన ఆనించి, మీట మీద వేలు వేశాడు. ఆనందరావు కిటికీ దగ్గరే నిలబడి, చివరి అక్షరం పోయేదాకా ఆ టకటకలు విన్నాడు.